సద్ది కట్టయ్య అప్పీలు

జనగామలో సర్కారు ఆఫీసున్న ఆ అద్దెమేడ మెట్లు సాలమ్మకు కొత్త కాదు. మూడేళ్లలో మూడుసార్లు ఎక్కింది. మూడుసార్లూ ఒక కాగితం చేతిలో పెట్టి దింపేశారు. ఇది నాలుగోసారి, ఇదే ఆఖరుసారి అని కింద టీ కొట్టు పక్కన అర్జీలు రాసే ఆయన ముందే చెప్పాడు. "గీ అప్పీలు గూడ కొట్టేస్తే ఇంక పైన అడిగేటోడు లేడవ్వా, దేవుడే" అన్నాడు. సాలమ్మకు దేవుడి మీద కోపమేమీ లేదు. కానీ దేవుడు ముద్ర వేసి కాగితం రాసివ్వడు కదా!

ఆమె వెనక మొగుడు కట్టయ్య ఎక్కుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఎముకలు గట్టివే, కాళ్లూ గట్టివే, పళ్లు కూడా సగానికి పైగా ఉన్నాయి. ఆ గట్టిదనమే వాళ్ల కొంప ముంచిందని తరువాత మీకే తెలుస్తుంది. మెట్టు మెట్టుకూ ఆగి గోడకు ఒదుగుతున్నాడు, పైనుంచి దిగేవాళ్లకు దారి ఇవ్వడానికి కాదు, వాళ్ల కంట పడకుండా ఉండడానికి. అతని వెనక టీక్యా. గూడూరు పక్క తండా నుంచి మానుకోట వచ్చి, అక్కడ రైలెక్కి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ముసలాయన. ఒకప్పుడు దళంలో తుపాకీ పట్టినవాడు, ఇప్పుడు చేతికర్ర పట్టాడు.

తెలంగాణ సాయుధ పోరాటంలో దెబ్బతిని పనికి రాకుండా పోయినవాళ్లకు వైకల్య భత్యం ఇస్తామని సర్కారు ఒక పథకం పెట్టింది. కాలు పోయినవాళ్లకు ఇచ్చారు. కన్ను పోయినవాళ్లకు ఇచ్చారు. మంచిదే, ఇవ్వాల్సిందే, ఎవరు కాదన్నారు? కట్టయ్యకు పోయింది కాలూ కాదు, కన్నూ కాదు. అందుకని మూడేళ్లుగా అతన్ని ఆ మెట్ల మీద ఎక్కిస్తూ దింపుతూ ఉన్నారు.

డబ్బు ఎవరికి చేదు? సాలమ్మ కూడా వద్దనలేదు. కానీ ఆమె చెప్పులరిగేలా తిరుగుతున్నది డబ్బు కోసం కాదు, ఒక్క మాట కోసం. ఈ మనిషి మనసు మిలటరీ క్యాంపులో చెదిరింది, ఇది పుట్టుపిచ్చి కాదు, పాపం తగలడం కాదు అని సర్కారు రాసి, కింద ముద్ర వేయాలి. ఎందుకంటే ఊళ్లో ఇంకో మాట నడుస్తోంది. ముప్పై అయిదేళ్లుగా నడుస్తోంది. "చెప్పకుంటే మిల్ట్రీవోడు పానంతోని ఇడుస్తడా? అన్నీ కక్కే ఉంటడు. గా పాపమే గిట్ల తగిలింది" అని. బావి దగ్గర అన్నారు, పెళ్లిళ్లలో అన్నారు, ఒకసారి కట్టయ్య పక్కనే కూర్చుని అతనికి వినిపించేలా అన్నారు. ఆ మాట అన్న నోళ్లలో మన్ను పడ అని సాలమ్మ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

అసలు సంగతి చెప్తాను. కట్టయ్యది జఫర్‌గఢ్ పక్క ఊరు. గొర్ల కాపరి. సంఘం రోజుల్లో గుట్టల్లో ఉన్న దళానికి సద్ది మోసేవాడు. ఊళ్లో పదిహేడు ఇళ్లు దళానికి వండేవి. పదిహేడు రోజులకోసారి వంతు వచ్చేది కనుక లెక్క తెలుసు కానీ, ఏ ఇంటివాళ్లకూ రెండో ఇల్లు ఏదో తెలియదు. వంతు వచ్చిన ఇంటామె తెల్లారకముందే రొట్టెలు చేసి, మూటకట్టి, దొడ్లో గడ్డివాము సందున పెట్టి తన పని చూసుకోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. కట్టయ్య గొర్లు తోలుకుపోతూ ఆ మూటను గొంగట్లో చుట్టుకుని గుట్టెక్కేవాడు. తినేవాళ్లు ఎవరి చేతి వంట అని అడగకూడదు. తెచ్చినవాడి పేరూ అడగకూడదు. "సద్ది అచ్చింది" అనేవాళ్లు, అదే అతని పేరై కూర్చుంది. అడగొద్దు, చెప్పొద్దు. కట్టుబాటు అది. ఎవరు పట్టుబడినా ఎవరి కొంపా కాలకూడదని పెట్టుకున్న కట్టుబాటు. కాబట్టి ఆ పదిహేడు ఇళ్లూ ఎరిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అందులో ఒక ఇల్లు అతనిదే. వండింది సాలమ్మ. అప్పటికి ఆమెకు ఇరవై నిండలేదు.

నిజాం దిగిపోయాడు, యూనియన్ మిలటరీ దిగింది. నలభై తొమ్మిది ఎండాకాలంలో గుట్ట కింద కట్టయ్యను పట్టుకున్నారు. గొంగట్లో పన్నెండు జొన్నరొట్టెలు దొరికాయి. ఒక్క గొర్లకాపరికి పన్నెండు రొట్టెలెందుకు? ఎవరు చేశారు? ఏ ఇల్లు? ఎవరి పెళ్లాం? ఇరవై మూడు రోజులు అదే ప్రశ్న అడిగారు. ఎట్లా అడిగారో కట్టయ్య ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. సాలమ్మ చూసింది అతని ఒంటిని మాత్రమే. ఆ ఒళ్లు చూశాక ఆమెకు మూడు రోజులు ముద్ద దిగలేదు.

అతను చెప్పింది ఒకటే మాట, "నాకు తెల్వదు." చివరికి నీ పేరేమిట్రా అన్నా తెల్వదన్నాడు. పేరు చెప్పనివాడిని ఏమని రాస్తారు? రాయలేదు. జైలుకు పంపలేదు. ఇరవై నాలుగో రోజు పొద్దున, చచ్చాడనుకుని బాట పక్కన పారేసి పోయారు. ఆ పదిహేడు ఇళ్లలో ఒక్క తలుపు ఎవరూ తట్టలేదు, ఒక్క కప్పు కాలలేదు. తమ ఇల్లు ఎందుకు మిగిలిందో ఆ పదిహేడు మంది ఆడవాళ్లకూ తెలుసు. ఇప్పటికి వాళ్లలో చాలామంది పోయారు. ఉన్నవాళ్లు బయటపడలేదు, పోయినవాళ్ల ఇళ్లలో కోడళ్లు "మా అత్త వండెనో లేదో మాకేం ఎరుక" అన్నారు. సాక్ష్యం కోసం సాలమ్మ అందాజుగా ఇల్లిల్లూ తిరిగి అడిగింది కానీ ఏ ఇల్లో ఆమెకు మాత్రం ఏం తెలుసు? పెళ్లానికైనా చెప్పలేదు కదా ఆ మహానుభావుడు!

బతికాడు. లేచి తిరిగాడు. కానీ "ఎవరు", "ఎవరిది", "పేరేంటి" అని తనను అడిగితే చాలు, ఉన్నచోటనే గొంతుకూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల వెనక్కి దోపి, తల దించేస్తాడు. "నాకు తెల్వదు" అంటాడు. ఆ తరువాత పూట దాకా మనిషి మనిషి కాదు. ఒకసారి శివారులో ఎవరో "గివి ఎవల గొర్లురా?" అని అడిగారు. తెల్వదన్నాడు. సొంత గొర్లు! ముప్పై రెండు జీవాలు బందెలదొడ్డికి పోయాయి. విడిపించుకొద్దామని పోతే అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు. దొడ్డి కాపలావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరంతా నెల రోజులు చెప్పుకుని నవ్వింది. ఇంట్లో కూర్చుని ఏడ్చింది సాలమ్మ ఒక్కతే.

బిడ్డ అంజమ్మను బడిలో వేయడానికి తీసుకుపోతే పంతులు "ఎవరి పిల్ల?" అన్నాడు. తెల్వదన్నాడు. ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడే ఉంది. ఇంటికొచ్చి "బాపు నన్ను తెల్వదన్నడే" అని ఏడ్చిన ఏడుపు సాలమ్మకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇక పెళ్లాం పేరంటారా, క్యాంపు నుంచి వచ్చిన రోజు మొదలుకుని ఈ రోజు దాకా అతని నోట ఆ పేరు రాలేదు. "ఇగో" అంటాడు, "ఓ" అంటాడు, దగ్గుతాడు. ఎందుకు అనడో ఆమెకు తెలుసు. తెలుసు కనుకనే ఒక్కనాడూ అడగలేదు.

ఇదీ జబ్బు. ఇప్పుడు సర్కారు ఏం చేసిందో వినండి. మొదటి కాగితంలో, జైలు సర్టిఫికెట్ జతపరచలేదు కనుక అర్జీ తోసిపుచ్చామన్నారు. పేరే చెప్పనివాడిని జైల్లో వేస్తే కదా సర్టిఫికెట్ పుట్టేది! సరే అని మళ్లీ పెట్టుకుంటే దవాఖానలో పరీక్షకు పంపారు. డాక్టరు కట్టయ్యను చేతులెత్తమన్నాడు, ఎత్తాడు. వంగమన్నాడు, వంగాడు. నాలుగడుగులు నడవమన్నాడు, నడిచాడు. "నీ పేరేంటి?" అన్నాడు. అంతే, కట్టయ్య నేల మీద గొంతుకూర్చున్నాడు. డాక్టరు గడియారం చూసుకుని రాసేశాడు. అవయవాలన్నీ సక్రమంగా ఉన్నవి, ప్రశ్నలకు జవాబిచ్చుటకు సహకరించలేదు, వైకల్యము కనబడలేదు.

టీ కొట్టు దగ్గరి అర్జీల ఆయన ఆ కాగితం చదివి వినిపిస్తుంటే సాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సహకరించలేదా? గా సహకరించకపోవుడే గదరా రోగం!" అని నడిబజార్లో అరిచింది. పోయేవాళ్లు నిలబడి చూశారు. మూడో కాగితం ఇంకా గొప్పది. పోరాటంలో పాల్గొన్నట్టు సాటి యోధుల సాక్ష్యం లేదన్నారు. దాంతో ఆమె ఆరునెలలు వాకబు చేసింది. నర్సింహులపేట దాకా పోయింది, గూడూరు అడవి అంచు తండాలన్నీ తిరిగింది. ఒక తండాలో చుట్ట కాల్చుకుంటూ మంచం మీద కూర్చున్న ముసలాయన, "జఫర్‌గఢ్ గుట్టలకు సద్ది తెచ్చిన గొల్లాయననా? బతికే ఉన్నడా?" అని దిగ్గున లేచాడు. ఆయనే టీక్యా. ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెల్లె, నువ్వు రమ్మన్నకాడికి వస్త" అన్నాడు.

అట్లా ముగ్గురూ మేడ ఎక్కి, పొద్దున పదింటి నుంచి బెంచీ మీద కూర్చుంటే, రెండింటికి పిలుపు వచ్చింది.

గదిలో పొడుగాటి బల్ల. నడుమ అప్పీళ్ల కమిటీ అధ్యక్షుడు, కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. చేతికి వాచీ, మెడలో తెల్లని కండువా. పక్కన అదే డాక్టరు. చివర టైపు మిషను ముందు ఈ వైపు గుమాస్తా. కట్టయ్య గడప లోపలికి రాగానే బల్లనూ, బల్ల వెనక మనుషులనూ చూసి గోడకు అంటుకుపోయాడు. సాలమ్మ చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. అతని అరచెయ్యి తడిసి ఉంది.

అధ్యక్షుడు మొదట టీక్యాను పిలిచాడు. "ఇతన్ని నువ్వు ఎరుగుదువా?"

"ఎరుగుదు సారు. రెండేండ్లు గీయన తెచ్చిన సద్దే తిన్న."

"పేరు?"

"గిప్పుడు కట్టయ్య అంటున్నరు. అప్పుడైతే నాకు తెల్వదు."

"రెండేళ్లు తిండి తెచ్చిన మనిషి పేరు తెలియదా?"

"అడగొద్దన్నరు సారు. అడగలే."

"ఎవరింటి నుంచి తెచ్చేవాడు?"

"గది గూడ అడగొద్దన్నరు."

అధ్యక్షుడు డాక్టరు వైపు చూసి నవ్వాడు. "అందరిదీ ఒకటే పాట. తెల్వదు, తెల్వదు" అన్నాడు, ఆ 'తెల్వదు'ను ఈ వైపు యాసలో సాగదీసి. డాక్టరూ నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు, తలొంచుకుని కాగితం సర్దుకున్నాడు. సాలమ్మ ఒళ్లు మండింది కానీ పళ్లు బిగబట్టింది. పని ఉన్నది తనది.

"అరెస్టు చేయడం కళ్లారా చూశావా?"

"లేదు సారు. నాలుగు దినాలు సద్ది రాలే. అప్పుడు సమజైంది మాకు, పట్టుబడ్డడని." టీక్యా కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "జాగ మారుద్దామన్నరు మావోళ్లు. గీయనకు మా జాగ ఎరుకే గద, దెబ్బలకు తట్టుకోక చెప్తడు, మిల్ట్రీ వస్తది అన్నరు. గని మావోళ్లల ఇద్దరికి జరం, లేవలేరు. ఆళ్లను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? గా జాగలనే ఉన్నం. ఆకులు తిన్నం, తునికిపండ్లు తిన్నం. ఇరవై దినాలు గుట్ట కింద బాట చూసుకుంట కూసున్నం. మిల్ట్రీ రాలే. ఇంకేం సాక్ష్యం గావాలె సారు మీకు? గా మిల్ట్రీ రాకపోవుడే సాక్ష్యం. నేను బతికి మీ ముంగట నిలబడ్డ గదా, గిదే సాక్ష్యం!"

ఇంతకన్నా చెప్పేది ఏముంటుంది, ఇప్పుడు సంతకం పెడతాడు అనుకుంది సాలమ్మ.

"జరగనిదాన్ని సాక్ష్యంగా ఎలా రాసుకుంటామయ్యా?" అన్నాడు అధ్యక్షుడు. "ఇది ఆఫీసు. రికార్డు ఉండాలి. అరెస్టు రికార్డు లేదు, జైలు రికార్డు లేదు. నీకేమో అతని పేరు తెలియదు, అతనికేమో ఎవరి పేరూ తెలియదు. పైగా డాక్టరుగారు వైకల్యం లేదని రాశారు."

"సారూ, జర నా మాట ఇనుండ్రి" అని సాలమ్మ ముందుకు వచ్చింది. "గాయన చేతులు బాగున్నయి, కాళ్లు బాగున్నయి. నేను కాదంటనా? లోపల పోయింది సారు. ఎవలు అని అడిగితే సాలు, మల్ల గా క్యాంపులనే ఉంటడు. కన్నబిడ్డను తెల్వదన్నడు. సొంత గొర్లను తెల్వదన్నడు. ముప్పై అయిదేండ్ల సంది గట్లనే ఉన్నడు. పుట్టుకతోని పిచ్చోడైతే పదిహేడిండ్ల సద్ది పైలంగ మోస్తడా? దళపోళ్లు పిచ్చోని చేతుల పానం పెడ్తరా?"

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు కాబోలు, ఆ ముక్క చెప్పకపోతే పాపం. కానీ చెడ్డవాడు కాకపోవడం వల్ల ఆ రోజు ఎవరికీ ఒరిగిందేమీ లేదు. "చూడమ్మా, ఒక దారి ఉంది" అన్నాడు. "రికార్డు లేనప్పుడు, ఆశ్రయం ఇచ్చినవాళ్ల పేర్లు అర్జీదారు స్వయంగా చెప్తే పరిగణించవచ్చునని నిబంధన. పదిహేడు అక్కర్లేదు. ఒక్క ఇల్లు. ఒక్క పేరు అతని నోటితో చెప్పించు. డాక్టరుగారి రాత సంగతి నేను చూసుకుంటాను. మనసు చెదిరిందనే రాయిస్తాను. ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతాను."

కలం టోపీ తీసి, దస్త్రం మీద పెట్టి, కట్టయ్య వైపు తిరిగాడు. "చెప్పవయ్యా. నీకు తిండి ఎవరు పెట్టారు?"

కట్టయ్య గొంతుకూర్చున్నాడు. చేతులు మోకాళ్ల వెనక్కి పోయాయి. "నాకు తెల్వదు."

"భయం లేదు, ఇది స్వతంత్ర ప్రభుత్వం. ఎవరు వండారు?"

"నాకు తెల్వదు."

"పోనీ, ఏ ఇల్లు?"

"నాకు తెల్వదు."

"నేనే సారు!" అంది సాలమ్మ, గుండె మీద కొట్టుకుంటూ. "నేనే వండిన! గా పన్నెండు రొట్టెలు నా చేతియే. నా పేరు రాసుకో. వేలిముద్ర ఎక్కడ పెట్టాల్నో చెప్పు, పెడ్త."

"అర్జీదారు భార్య సాక్ష్యం చెల్లదమ్మా. అతను చెప్పాలి."

అతను చెప్పాలి. సాలమ్మ మొగుడి ముందు నేల మీద కూలబడింది. మూడేళ్ల తిరుగుడు, ముప్పై అయిదేళ్ల ఊరి మాట, అన్నీ ఒక్క ముక్క దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ ముక్క తన పేరు. కావాల్సింది కూడా తన పేరే. ఇంత సుళువైన పని ఇంకోటి ఉంటుందా అనిపించింది ఆమెకు.

"ఇగో, నా దిక్కు చూడు" అంది మెల్లగా. "మిల్ట్రీ లేదు. క్యాంపు లేదు. అందరు పోయిండ్రు. నన్ను ఎవలేం చెయ్యరు. నేనే చెప్పుమంటున్న గద. నా పేరు చెప్పు. ఒక్కసారి చెప్పు, అయిపోతది. గా కాయితం రాసిస్తరు. ఊర్ల ఇంక ఒక్కడు నోరెత్తడు. చెప్పయ్యా. నీ కాళ్లు మొక్కుత."

కట్టయ్య తలెత్తాడు. ఆమె మొహంలోకి చూశాడు. అట్లా నిదానంగా చూసి ఎన్నేళ్లయిందో. ఆమె అడిగింది కాబట్టి, ఆమె ఏడుస్తోంది కాబట్టి, ఏం చేయమన్నా చేసేలా ఉన్నాడు. పెదాలు కదిలాయి. మెడ మీద నరాలు లేచాయి. ఒళ్లంతా వణుకుతోంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అతని పంచె తడిసి, ఆ తడి నేల మీద పారుతూ వచ్చి సాలమ్మ చీర అంచును తాకింది.

"సా..." అన్నాడు.

బల్ల వెనక అధ్యక్షుడు కలం పట్టుకుని ముందుకు వంగాడు. డాక్టరూ వంగాడు. సాలమ్మ ఆ రెండు మొహాలనూ చూసింది. క్యాంపులో కూడా ఇట్లాగే, ఇదే ముక్క కోసం, ఎవరో ఒకరు ఇట్లాగే ముందుకు వంగి ఉంటారు కదా అనుకుంది. వాళ్లకు ఇరవై మూడు రోజుల్లో దొరకనిది తాను, చేజేతులా, వీళ్ల ముందు పిండి ఇస్తోంది.

చటుక్కున మొగుడి నోటి మీద చెయ్యి వేసి మూసేసింది.

"వద్దు. చెప్పకు" అంది. "నేనే తప్పు చేసిన. చెప్పకు. ఏం చెప్పకు."

అతని తల రొమ్ముకు అదుముకుని అట్లాగే బల్ల వైపు తిరిగింది. అప్పుడు ఆమెకు వచ్చిన కోపం ఆ మేడ మీద పట్టేంత కోపం కాదు. "కొట్టెయ్యి సారు! నీ అప్పీలు కొట్టేసుకో! కర్రలు ఇరిగిపోంగ కొట్టినా చెప్పని పేరు, పింఛన్ ఆశ పెట్టి చెప్పిస్తరా? ఆళ్లు కొట్టి అడిగిండ్రు, మీరు కలం సూపి అడుగుతున్నరు, అడిగేది మాత్రం గదే గద! చెప్తే మొగోడు, చెప్పకుంటే రికార్డు లేదు! నోరిప్పినోళ్లకేమో రికార్డులు పుట్టె, నోరు మూసుకొని పదిహేడు కొంపలు కాపాడినోనికి వైకల్యం లేదాయె! థూ! గీ నాయం ఎక్కడిది? ఈయనను పేరు చెప్పినోన్ని చేసి ఇంటికి తీస్కపోను నేను. మీ ముద్ర వద్దు, మీ దస్కత్ వద్దు!"

"మర్యాదగా మాట్లాడమ్మా!" అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. కలానికి టోపీ పెట్టేశాడు. "నిబంధన చెప్పాను. అవకాశం ఇచ్చాను. ఇక నా చేతిలో ఏమీ లేదు." గుమాస్తా వైపు తిరిగి గబగబా చెప్పాడు, గుమాస్తా టకటకా కొట్టాడు. ముద్ర వేశాడు. కాగితం తెచ్చి సాలమ్మకు ఇస్తూ, ఎందుకో కళ్లు ఎత్తలేకపోయాడు.

"ఏం రాసిండ్రు బిడ్డా? సదువు" అంది ఆమె.

గుమాస్తా నెమ్మదిగా చదివాడు. "మూడు పర్యాయములు అడిగినప్పటికీ, అర్జీదారు తనకు ఆశ్రయమిచ్చిన వారి పేర్లలో ఒక్కటి కూడా వెల్లడించలేదు. ఆధారములు లేనందున అప్పీలు తిరస్కరించడమైనది."

"మల్ల సదువు."

మళ్లీ చదివాడు. సాలమ్మ కాగితం తీసుకుని, కొంగుతో మొగుడి మొహం తుడిచి, లేపి నిలబెట్టింది. మెట్లు దిగుతున్నంతసేపూ తిట్టింది. బల్లను తిట్టింది, కలాన్ని తిట్టింది, నిబంధన రాసినవాడి చేతులు తిట్టింది, ఊళ్లో వాగే నోళ్లను తిట్టింది, ఆఖరికి తనను తాను తిట్టుకుంది. రైలు స్టేషనుకు పోయేముందు టీక్యా కట్టయ్య నడుముకు తన తుండుగుడ్డ చుట్టి, తడిసిన పంచె కనబడకుండా సర్ది, చాలాసేపు అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. "చెల్లె, మా తండాకు రాండ్రి ఇద్దరు. ఎన్ని దినాలైనా ఉండుండ్రి. ఎవలు ఏం అడగరు" అన్నాడు.

బస్సులో కట్టయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. వణుకు తగ్గింది కానీ మనిషి స్థిమితంగా లేడు. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు, గుర్తుకు రానట్టు, పెదాలు కదుపుతున్నాడు. ఊరు దాటి బస్సు జోరందుకున్నాక, ఆమె వైపు ఒరిగి, ఇంకెవరికీ వినబడకుండా అడిగాడు.

"నేను... నేనేమన్న చెప్పిన్నా?"

ముప్పై అయిదేళ్లలో అతను ఒకరిని ఒక ప్రశ్న అడగడం సాలమ్మ వినలేదు. ఇన్నాళ్లూ లోపల ఇదే ప్రశ్న తిరుగుతోందా ఇతనికి? ఊరు అన్న మాట నిజమేమోనని తనకు తానే భయపడుతూ బతికాడా? ఓరి దేవుడా!

"లేదు" అంది. "చెప్పలే."

"ఒక్క పేరు గూడ?"

"ఒక్క పేరు గూడ చెప్పలే. ఎన్నడు చెప్పలే. ఇగో, సర్కారోళ్లు రాసిచ్చిండ్రు." ఆమె కాగితం తీసి అతని మోకాలి మీద పరిచింది. ఆమెకూ చదువు రాదు. రెండుసార్లు విన్న ముక్క కాబట్టి నోటికి వచ్చింది. "మూడుసార్లు అడిగినం, ఒక్క పేరు గూడ చెప్పలేదని రాసిండ్రు. ముద్ర గూడ ఏసిండ్రు, గిది చూడు." అతని వేలు పట్టుకుని ముద్ర మీద పెట్టింది.

కట్టయ్య ఆ కాగితాన్ని చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. జఫర్‌గఢ్ వచ్చేదాకా అతను ముద్ర మీంచి వేలు తీయలేదు.